విహారయాత్ర కొందరికేనా?

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. గ్రంథపఠనం వలన కలిగే జ్ఞానం ఒక విధమైనది. కంటితో చూచి, కాలితో నడచి ఆర్జించే జ్ఞానం మరొక విధమైనది. ఈ రెండవది లేని చదువు ఉప్పులేని కూర వంటిది. ఈ సత్యాన్ని కాదనే విద్యాసంస్థ ఎక్కడా ఉండదు. కనుకనే ఏడాదికొకసారి విహారయాత్ర ఏర్పాటు చేయడం కళాశాలలలో ఆనవాయితీగా వస్తున్నది. అయితే ఆ యాత్రకు ఎవరు వెళ్ళగలుగుతున్నారు, ఎవరు ఇంటివద్దనే ఆగిపోతున్నారు అన్న ప్రశ్నను మనం తరచుగా వేసుకోవడం లేదు. ఆ ప్రశ్నను కళాశాల కార్యవర్గం వారి ముందు, విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విహారయాత్ర అనగానే మనకు ఊటీ, బెంగుళూరు, అరకు, హైదరాబాదు స్ఫురిస్తాయి. మూడు నాలుగు రాత్రులు బయట గడపాలి. బస్సుకూ, బసకూ, భోజనానికీ చందా కట్టాలి. ఆ చందా కట్టగలవారు కడతారు. మిర్చియార్డులో బస్తాలు మోసే హమాలీ కుమారుడు తండ్రిని అడగడానికే సంకోచిస్తాడు. పత్తి తీసే రోజులలో సెలవు దొరికితే చేనికి పోయి కూలి సంపాదించే విద్యార్థికి నాలుగు రోజుల యాత్ర అంటే నాలుగు రోజుల కూలి నష్టం. ఇక విద్యార్థినుల సంగతి చెప్పనక్కరలేదు. చందా కట్టే స్థోమత ఉన్న ఇళ్ళలో సైతం రాత్రి బస అన్న ఒక్క మాటతో తల్లిదండ్రుల అనుమతి ఆగిపోతున్నది. వారి భయం నిష్కారణమైనదని కొట్టివేయలేము. కాని దాని ఫలితం ఏమిటి? కళాశాల పేరున జరిగే యాత్రలో కళాశాలలోని సగంమందికి స్థానం లేకుండా పోతున్నది. వెళ్ళి వచ్చిన వారు ఛాయాచిత్రాలు చూపుతారు. వెళ్ళనివారు చూచి మిన్నకుంటారు. చదువులో సమానత్వాన్ని బోధించే మనకు ఇది శోభించే విషయం కాదు.

దీనికి పరిష్కారం యాత్రలను మానివేయడం కాదు. యాత్రను ఒక్క పగటికి కుదించి, మన సీమలోనే, కాలినడకన జరపాలని నా అభిప్రాయం. ఉదయం బయలుదేరి, కొండ ఎక్కి దిగి, మగ్రిబ్ వేళకు ఎవరి ఇంటికి వారు చేరాలి. ఇటువంటి నడకకు బస అక్కరలేదు, పెద్ద చందా అక్కరలేదు. ఉర్దూలో దీనికి 'సైర్' అనే చక్కని మాట ఉన్నది. నడవడం, చూడడం, మనసుకు ఉల్లాసం కలగడం మూడూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి.

"మన పత్తి, మిరప భూములలో చూడదగినది ఏమున్నది?" అని కొందరు అడగవచ్చు. బస్సు కిటికీలోనుండి చూచేవారికి ఈ నేల చదునైన నల్లరేగడిగానే కనిపిస్తుంది. కాని చెన్నై నుండి కలకత్తాకు పోయే జాతీయ రహదారిపై చిలకలూరిపేట దాటిన వెంటనే పడమటి దిక్కుగా చూస్తే కొండల వరుస ఒకటి చాలాసేపు మనవెంట నడిచి వస్తుంది. అదే కొండవీడు. గుంటూరుకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. కొండల సగటు ఎత్తు మూడువందల మీటర్లకు పైచిలుకు; ఎత్తైన శిఖరం సుమారు 520 మీటర్లు. 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాలో ఇంతకాలం ఉండి, 2022 జిల్లాల పునర్విభజనతో ఇది పల్నాడు జిల్లాలో చేరింది. జిల్లా ఏదైననూ కొండ మనదే.

కొండవీటి చరిత్రను పాఠ్యపుస్తకంలో చదివి పరీక్షలో వ్రాసిన వారిలో ఎందరు ఆ కొండ ఎక్కారు? అద్దంకిని రాజధానిగా చేసికొని ప్రోలయ వేమారెడ్డి స్థాపించిన రాజ్యానికి అనవోతారెడ్డి కాలంలో కొండవీడు రాజధాని అయినది. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా వెలుగొందాడు. 1424 నాటికి రెడ్డిరాజ్యం అస్తమించింది. తరువాత గజపతులు వచ్చారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని జయించాడు. పదహారవ శతాబ్ది చివర గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చి, ఈ కొండవీడే 'ముర్తజానగర్' అనే పేరు ధరించింది. 1788లో గుంటూరు సర్కారుతోపాటు నిజాము నుండి ఇంగ్లీషు కంపెనీ వశమైనది. ఇన్ని రాజ్యాలు ఎక్కి దిగిన మెట్లను మనం ఎక్కకపోవడం విచిత్రం.

ఈ కోట ద్వారాలలో ఒకదానిని కొలేపల్లి దర్వాజా అనీ, మరొకదానిని నాదెళ్ళ దర్వాజా అనీ పిలుస్తారు. ఊరిపేరు తెలుగు, దర్వాజా అన్న మాట పారశీకం నుండి ఉర్దూ ద్వారా వచ్చింది. ఉర్దూ, తెలుగు ఒకే సంచికలో అచ్చువేసుకొనే మన కళాశాలకు ఇంతకంటె దగ్గరి చిరునామా మరొకటి ఉన్నదా? రెండు భాషలు ఒకే ద్వారబంధంలో ఎన్ని తరాలుగా కలిసి నిలిచి ఉన్నాయో ఉపన్యాసం విని తెలుసుకోవడం వేరు, ఆ పెద్ద రాళ్ళను చేతితో తాకి తెలుసుకోవడం వేరు. కొండ దిగువన గోపీనాథస్వామి ఆలయం, దానిని ఆనుకొని 'కత్తులబావి' కథ. కొండపైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. వానచుక్కను కొండనెత్తిన నిలిపి ఒక రాజధానికి దాహం తీర్చిన ఆ చెరువులు, వేసవిలో బిందెల బారులు చూచి పెరిగిన మన విద్యార్థులకు ఏ నీటిపారుదల గ్రంథమూ చెప్పని పాఠం చెబుతాయి.

కొండవీడు ఒక్కటే కాదు. నరసరావుపేట చెంత కోటప్పకొండ మూడు శిఖరాలతో ఏ దిక్కు నుండి చూచినా కానవస్తుంది. శివరాత్రి ప్రభల సందడి లేని దినాలలో అక్కడి నడక ప్రశాంతంగా ఉంటుంది. తాడేపల్లి దాపున ఉండవల్లిలో నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహాలయం ఉన్నది. పడమట నల్లమల చెంత భైరవకోనలో ఒకే కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, వాటి సమీపంలో జలపాతం ఉన్నాయి. ప్రకాశం ప్రాంతపు విద్యార్థులకు అది అనువైన చోటు.

తీరప్రాంతం కావాలనుకునేవారికి మోటుపల్లి ఉన్నది. నేడు నిశ్శబ్దంగా ఉన్న ఆ ఇసుకరేవు ఒకనాడు కాకతీయుల ఓడరేవు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన సరుకును పాలకులు స్వాధీనం చేసికొనే కాలమది. అటువంటి కాలంలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో ఇక్కడ అభయశాసనం వేయించి, విదేశీ వర్తకులకు న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. రుద్రమదేవి కాలంలో ఈ తీరాన్ని గూర్చి మార్కోపోలో వ్రాశాడు. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థి ఆ శాసనస్తంభం ఎదుట పది నిమిషాలు నిలిస్తే వ్యాపారానికి విశ్వాసమే మూలధనమని బోధపడుతుంది.

ద్వీపం చూడాలన్న కోరిక సైతం మన సీమలోనే తీరుతుంది. నాగార్జునకొండ ఒకనాడు ఇక్ష్వాకుల విజయపురి లోయ అంచున నిలిచిన కొండ. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం నిండగా లోయ మునిగింది, కొండ ద్వీపమైనది. మునగకముందే త్రవ్వి తీసిన శిల్పాలతో 1966లో అక్కడ ప్రదర్శనశాల ఏర్పడింది. లాంచీలో పోయి, ద్వీపమంతా తిరిగి, ఆ సాయంకాలమే తిరిగి రావచ్చు. మన పొలాలకు కాలువనీరు ఏ లోయను ముంచి వస్తున్నదో ప్రతి రైతుబిడ్డ ఒకసారి చూడవలసి ఉన్నది.

భూగర్భశాస్త్రం మీద ఆసక్తి కలవారికి కూడ ఇది పేదసీమ కాదు. చీమకుర్తి నల్లరాయి దేశదేశాలకు ఎగుమతి అవుతున్నది. నల్లని ఆకాశంలో నక్షత్రాలవలె మెరిసే ఆ రాయిని వ్యాపారులు గ్రానైటు అంటారు గాని, శాస్త్రజ్ఞులు దానిని గాబ్రో జాతి శిలగా గుర్తిస్తారు. వందకోట్ల సంవత్సరాలకు పూర్వం భూమిలోపల కరిగిన శిలాద్రవం పైకి ఉబకకుండా, లోతులోనే నిదానంగా చల్లారి గట్టిపడగా ఏర్పడిన రాయి అది. భూమిపైకి ఉబికి పారిన లావాను చూడదలచినవారు రాజమహేంద్రవరం దాపున కాతేరు, పంగిడి ప్రాంతాలకు పోవచ్చు. అక్కడి నల్లరాతి పొరలు దక్కను లావాతో సంబంధం కలవి. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల నాటివి. అగ్నిపర్వతం అనేది ఎక్కడో పరదేశంలోని వింత అని భావించే మన విద్యార్థికి, దాని చల్లారిన చిహ్నాలు తన రాష్ట్రంలోనే కాలిక్రింద ఉన్నాయని తెలియడం చిన్న విషయం కాదు.

ఈ సందర్భంలో మనవారే నివసించే ఒక ద్వీపాన్ని పరిశీలించడం ఉచితం. హిందూమహాసముద్రంలోని మారిషస్ అగ్నిపర్వతాల వలన పుట్టిన ద్వీపం. పందొమ్మిదవ శతాబ్దిలో కోరంగి మొదలైన రేవుల నుండి ఓడలెక్కి, చెరకుతోటలలో ఒప్పందపు కూలీలుగా పనిచేయడానికి తెలుగువారు అక్కడికి వెళ్ళారు. కోరంగి రేవు పేరుమీదనే వారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. అక్కడి పాఠశాలలలో తెలుగు, ఉర్దూ రెండూ బోధిస్తున్నారు. ఆ ద్వీపంలో అత్యున్నత శిఖరం 828 మీటర్లు మాత్రమే. 812 మీటర్ల ఎత్తుగల లె పూస్ అనే కొండను 1836లో చార్లెస్ డార్విన్ ఎక్కాడు. అదే కొండను నేడు లోకం నలుమూలల నుండి వచ్చిన యాత్రికులు ఉదయం ఎక్కి మధ్యాహ్నానికి దిగుతున్నారు. సముద్రపుటొడ్డున నిటారుగా లేచిన లె మోర్న్ కొండ ఎత్తు 556 మీటర్లు. బానిసత్వం నుండి పారిపోయినవారు తలదాచుకున్న చోటు అది. ఆ స్మృతికి గుర్తింపుగా 2008లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

మన కొండవీటి శిఖరానికీ లె మోర్న్‌కూ ఎత్తులో భేదం నలభై మీటర్లు కూడ లేదు. భేదమంతా ఆదరణలో ఉన్నది. ఒక చిన్న ద్వీపం తన కొండలను భద్రపరచి, దారులు చూపి, ప్రతి రాయికీ ఉన్న కథను చెప్పి, ప్రపంచాన్ని తనవద్దకు రప్పించుకొంటున్నది. మనం మన కొండను దూరంనుండి చూచి బస్సులో ముందుకు పోతున్నాము. ఆదరణ లేని కొండకు కలిగే గతి మనకు తెలియనిది కాదు. గుప్తనిధుల ఆశతో కోటగోడల క్రింద గుంతలు త్రవ్వేవారు, కంకర కోసం గుట్టలను కరగదీసేవారు, శిల్పాలపై పేర్లు చెక్కేవారు అన్ని చోట్లా ఉన్నారు. నడిచి చూచిన విద్యార్థికి ఆ కొండ తనదనిపిస్తుంది. తనదనుకున్న వస్తువు చెడుతూ ఉంటే ఎవరూ ఊరక చూడరు.

కొండవీటికి ఘాటురోడ్డు ఏర్పడినది గదా, బస్సులోనే పోరాదా అని అడగవచ్చు. వృద్ధులకు, నడవలేనివారికి ఆ రోడ్డు ఎంతో మేలు. మన విద్యార్థులలో నడవలేనివారు ఉంటే వారిని ఆ రోడ్డుమీదనే తీసుకొనిపోయి పైన అందరూ కలవాలి. వారిని వదలిపోయే యాత్ర మన కళాశాల యాత్ర కాదు. కాని కాళ్ళలో బలమున్న పద్దెనిమిదేళ్ళ యువకుడు పావుగంటలో వాహనంలో ఎక్కి, నాలుగు ఛాయాచిత్రాలు తీసుకొని దిగివస్తే, అతడు కొండను చూచినట్టు కాదు. ఎక్కేటప్పుడు కలిగే ఆయాసంలోనే దుర్గం ఎంత దుర్గమమో తెలుస్తుంది. మరొక విశేషమున్నది. నడకలో ధనిక పేద భేదం ఉండదు. మోటారు సైకిలు ఉన్నవాడూ లేనివాడూ ఒకే మెట్టుమీద కూర్చొని ఒకే సీసాలోని నీరు త్రాగుతారు. తరగతిగదిలో మూడేళ్ళు పక్కపక్కన కూర్చున్నా కలగని స్నేహం అక్కడ మూడు గంటలలో కలుగుతుంది.

ఇందుకు ఎదురయ్యే ఆక్షేపణలను విస్మరించరాదు. మొదటిది ఎండ. రెంటచింతల ఎండ ఎరిగిన మనకు దానిని గూర్చి ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక ఈ నడకను డిసెంబరు మాసంలో, జుమా నమాజుకు ఆటంకం లేకుండా ఒక ఆదివారం జరపాలి. జనవరి నుండి మిరప కోతలు ముమ్మరమవుతాయి. ఆ రోజులలో పెడితే కూలికి పోయే విద్యార్థులు మళ్ళీ ఆగిపోతారు. సూర్యోదయానికే కొండ మొదలుకు చేరి, పది పదకొండు గంటలకు పైకి చేరి, మధ్యాహ్నం నీడపట్టున భోజనం, జొహర్ నమాజు, విశ్రాంతి ముగించుకొని, పొద్దు వాలకముందే దిగిపోవాలి.

రెండవది ప్రమాదం. కోటల శిథిలాలలో తేళ్ళు, పాములు ఉంటాయి. చెరువులలో లోతు తెలియదు. సముద్రస్నానానికి దిగి విద్యార్థులు ప్రాణాలు కోల్పోయిన వార్తలు మన తీరం నుండి పదేపదే వింటున్నాము. కనుక కొన్ని నియమాలు కచ్చితంగా ఉండాలి. నీటిలోనికి ఎవరూ దిగరాదు. గోడ అంచులలో నిలబడి సెల్‌ఫోనులో బొమ్మలు తీసుకోరాదు. స్థానికుడైన మార్గదర్శి ముందు నడవాలి. ఒక అధ్యాపకుడు అందరికంటె వెనుక నడవాలి. ప్రథమచికిత్స తెలిసినవారు జట్టులో ఉండాలి. ప్రతివారు రెండు లీటర్ల నీరు, గట్టి బూట్లు, తలపై గుడ్డ కలిగి ఉండాలి. అటవీశాఖ, పురావస్తుశాఖ అనుమతి అవసరమైన చోట ముందుగానే తీసుకోవాలి. తీసుకొనిపోయిన కాగితం ముక్క, ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడ కొండపై వదలరాదు.

మూడవది విద్యార్థినుల విషయం. ఇదే అన్నింటికంటె ముఖ్యమైనది. పగటిపూట ముగిసే యాత్రకు రాత్రి బస అనే ఆటంకం లేదు. మహిళా అధ్యాపకులు వెంట ఉండాలి. తల్లులను సైతం ఆహ్వానించాలి. కూతురితోపాటు కొండ ఎక్కే తల్లి మరుసటి సంవత్సరం పదిమంది తల్లులకు నచ్చజెబుతుంది. ఈ నడక ఉద్దేశాన్ని కార్యవర్గ సభ్యులే స్వయంగా తల్లిదండ్రుల సమావేశంలో వివరిస్తే సగం సందేహాలు అక్కడే తీరుతాయి. ఖర్చు మాటకు వస్తే, 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ సౌకర్యం కల్పించారు. ఇక ఖర్చు అనేది అడ్డంకిగా చెప్పడానికి తావు తక్కువ. భోజనం ఎవరి ఇంటినుండి వారు తెచ్చుకుంటే పులిహోర, పెరుగన్నం, రొట్టె, ఖీమా అన్నీ ఒకే చెట్టుక్రింద చేరుతాయి. అంతకుమించిన విందు ఏ హోటలులోనూ దొరకదు.

నాలుగవ ఆక్షేపణ చదువుకు భంగమని. ఏడాదిలో ఒక్క ఆదివారం కొండమీద గడిపినందున ఎవరి శ్రేణీ తగ్గదు. పైగా చరిత్ర, వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం, భాషాసాహిత్యాలు బోధించే అధ్యాపకులు తలా అరగంట అక్కడ పాఠం చెబితే, పుస్తకంలో నెలరోజులకు ఎక్కని విషయం ఒక్క పూటలో మనసుకు ఎక్కుతుంది.

కనుక కళాశాల కార్యవర్గం వారికి నా విన్నపం ఇది. దూరయాత్రలు జరిపితే జరపండి. కాని వాటికంటె ముందుగా, ప్రతి విద్యార్థీ ప్రతి విద్యార్థినీ పాల్గొనగల ఒక్క పగటి నడకను కళాశాల వార్షిక కార్యక్రమాలలో చేర్చండి. మొదటి సంవత్సరం కొండవీడు, రెండవ సంవత్సరం మోటుపల్లి తీరం, మూడవ సంవత్సరం నాగార్జునకొండ ద్వీపం అని నిర్ణయిస్తే, మూడేళ్ళ డిగ్రీ ముగించి బయటకు వెళ్ళే విద్యార్థి తన సీమలోని కొండను, కడలిని, ద్వీపాన్ని కాలినడకన ఎరిగినవాడవుతాడు. డబ్బు లేనందున గాని, ఆడపిల్ల అయినందున గాని ఒక్కరైనా ఆగిపోతే ఆ యాత్ర విఫలమైనట్టే లెక్కించాలి.

విద్యార్థి మిత్రులారా! కార్యవర్గం తీర్మానించేవరకు వేచి ఉండనక్కరలేదు. పేర్లు నమోదు చేసుకోండి, తల్లిదండ్రులకు వివరించండి, అధ్యాపకులను ఒప్పించండి. వచ్చే వార్షిక సంచికలో కొండవీటి నడకను గూర్చి ఉర్దూ విభాగంలో ఒక వ్యాసం, తెలుగు విభాగంలో ఒక వ్యాసం అచ్చుకావాలి. ఆ రెంటిలో ఒకదానినైనా, ఇంతవరకు ఏ యాత్రకూ పోలేకపోయిన విద్యార్థిని వ్రాయాలని నా ఆకాంక్ష.